గ్లైడర్ కిట్‌లో పాత సిరీస్ 60 ఇంజిన్ పెట్టి ట్రక్కు కట్టించుకోవచ్చా?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇది. మీ 2017 మోడల్ ట్రక్కు డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టరు) గొడవలతో నెలకోసారి షాపులో పడుతోంది. దాన్ని అమ్మేసి, కొత్త గ్లైడర్ కిట్, అంటే ఇంజిన్ లేని కొత్త ట్రక్కు ఒళ్లు తీసుకుని, అందులో 1999 నాటి డెట్రాయిట్ సిరీస్ 60 ఇంజిన్ (12.7 లీటర్లది) వేయించుకుంటే డెఫ్ (పొగ శుభ్రానికి వాడే ద్రవం) ఖర్చూ ఉండదు, ఈఎల్‌డీ (డ్రైవింగ్ గంటలు నమోదుచేసే పరికరం) బాధా తప్పుతుంది అని మీ ఆలోచన. దగ్గరలో ఒకాయన ఓవర్‌హాల్ చేసిన ఇంజిన్ రెడీగా ఉందంటూ అడ్వాన్స్ అడుగుతున్నాడు.

ఆ అడ్వాన్స్ ఇవ్వకండి. ఇంజిన్ బంగారంలా ఉన్నా సరే, ఇవ్వకండి. ఎందుకో కొంచెం వివరంగా చెప్పాలి, ఓపిగ్గా చదవండి.

నేను విజయవాడ ఆటోనగర్‌లో మా మేనమామ షెడ్డులో స్పానర్లు అందిస్తూ పని నేర్చుకున్నవాణ్ణి. తర్వాత ఇక్కడ అమెరికాలో, ఒహాయోలో డీజిల్ షాపులో చేరాను. సొంతంగా రెండు బళ్లు తిప్పాను. మా షాపులో గ్లైడర్లు ఐదు కట్టాం. వేరేవాళ్లు కట్టినవి రిపేరుకి వస్తే చూసినవి ఇంకా ఎక్కువ. నిజానికి ఈ పనిలో నేర్చుకున్నదంతా వేరేవాళ్లు కట్టినవి విప్పినప్పుడే.

మన దగ్గర లారీ ఎలా కొనేవాళ్లో గుర్తుందిగా. ఇంజిన్, గేర్ బాక్స్, హౌసింగ్ (వెనక యాక్సిల్) అన్నీ బిగించిన చాసిస్ కంపెనీ నుంచి వచ్చేది, క్యాబిన్ మాత్రం ఉండేది కాదు. డ్రైవరు మొహానికి తువ్వాలు చుట్టుకుని ఎండలో తోలుకొచ్చేవాడు. క్యాబిన్, బాడీ ఆటోనగర్‌లో కట్టించుకునేవాళ్లం. గ్లైడర్ దానికి సరిగ్గా తలకిందులు. కొత్త ఫ్రేము, కొత్త క్యాబిన్, ముందు యాక్సిల్, స్టీరింగ్, రేడియేటర్, వైరింగ్ అన్నీ కంపెనీ ఇస్తుంది. ఇంజిన్, గేర్ బాక్స్, చాలాసార్లు వెనక యాక్సిళ్లు కూడా ఉండవు. అవి మీరు తెచ్చుకోవాలి. ఫ్రైట్‌లైనర్, వెస్టర్న్ స్టార్, పీటర్‌బిల్ట్, కెన్‌వర్త్ అందరూ ఇలాంటి కిట్లు అమ్మారు. అసలు ఉద్దేశం మంచిదే. బండి యాక్సిడెంట్‌లో నుజ్జయింది, ఇంజిన్ మాత్రం బాగుంది, దాన్ని పారేయకుండా కొత్త ఒంట్లో పెట్టుకోవడం.

2007లో డీపీఎఫ్, 2010లో ఎస్‌సీఆర్ (పొగలో నైట్రోజన్ ఆక్సైడ్లు తగ్గించే ఏర్పాటు), దాంతో డెఫ్ వచ్చాక కథ మారింది. కొత్త ఇంజిన్ల గొడవ వద్దనుకున్నవాళ్లు గ్లైడర్ల మీద పడ్డారు. అంతకుముందు ఏటా కొన్ని వందలు అమ్ముడయ్యేవి, 2015 నాటికి పదివేల దాకా చేరాయని ఈపీఏ (అమెరికా పర్యావరణ సంస్థ) లెక్కగట్టింది. యాక్సిడెంట్ బండి అన్న మాటే పోయింది. రీమాన్ (విప్పి మళ్లీ కొత్తగా చేసిన) ఇంజిన్లు వరసగా తెచ్చి ఫ్యాక్టరీలో కట్టినట్టు కట్టారు. దాంతో 2016లో తెచ్చిన రెండో దశ గ్రీన్‌హౌస్ నిబంధనల్లో ఈపీఏ గ్లైడర్లనూ చేర్చింది. 2018 జనవరి 1 నుంచి పాత ఇంజిన్‌తో కట్టే చిన్న తయారీదారుకు ఏడాదికి 300 బళ్లు, లేదా 2010–2014 మధ్య అతను ఒక ఏడాదిలో గరిష్ఠంగా కట్టిన సంఖ్య, రెండింట్లో ఏది తక్కువైతే అది పరిమితి. ఆ ఏళ్లలో మీరు ఒక్కటీ కట్టలేదు, కాబట్టి మీ కోటా సున్నా. మిగతావాళ్లకు సాధారణ నియమం ఏమిటంటే, గ్లైడర్ ఏ ఏడాది కడితే ఇంజిన్ ఆ ఏడాది ప్రమాణాలకు సరిపోవాలి. మినహాయింపులున్నాయి. ఇంజిన్ వయసులోనూ మైళ్లలోనూ దాని అసలు ఉపయోగ కాలంలోపు ఉండటం, లేదా లక్ష మైళ్ల లోపే తిరిగినట్టు కాగితాలుండటం, లేదా మూడేళ్ల లోపుది కావడం. పెద్ద ట్రక్కు ఇంజిన్‌కి ఆ ఉపయోగ కాలం 10 ఏళ్లు, 4,35,000 మైళ్లు. 1999 ఇంజిన్‌కి ఓవర్‌హాల్ చేయించినంత మాత్రాన దాని పుట్టిన సంవత్సరం మారదు. మీకు చూపిస్తున్న ఇంజిన్ ఈ మూడింటిలో ఏదో ఒక దానిలోకి వస్తుందని అమ్మేవాడు కాగితంతో చూపించగలిగితే అప్పుడు మాట్లాడదాం. చూపించలేడు.

ఇక్కడ తప్పకుండా ఎవరో ఒకరు "ఆ పరిమితి 2018లోనే ఎత్తేశారు కదా" అంటారు. నేను షాపులో ఈ మాట కనీసం ఇరవైసార్లు విన్నాను. జరిగిందేమిటంటే, 2017 నవంబరులో ఈపీఏ గ్లైడర్ నిబంధనలు రద్దు చేస్తామని ప్రతిపాదన పెట్టింది. 2018 జులై 6న, అప్పటి ఈపీఏ అధిపతి స్కాట్ ప్రూయిట్ పదవి దిగిపోయే రోజున, పరిమితిని అమలు చేయబోమని ఒక మెమో ఇచ్చారు. జులై 18న వాషింగ్టన్ అప్పీలు కోర్టు దాన్ని ఆపింది. జులై 26న ఆయన తర్వాత వచ్చిన ఆండ్రూ వీలర్ ఆ మెమోనే వెనక్కి తీసుకున్నారు. మొత్తం బతికింది ఇరవై రోజులు. ఆ ఇరవై రోజుల వార్త మాత్రం ట్రక్ స్టాపుల్లో ఇప్పటికీ తిరుగుతోంది. నిబంధనలు మళ్లీ మారవని నేను హామీ ఇవ్వలేను. కానీ డబ్బు కట్టే రోజున అమల్లో ఉన్నదేదో చదువుకుని కట్టండి, ఎవరో అన్నమాట మీద కాదు.

ఇంత రచ్చ ఎందుకైందో కూడా చెప్పాలి. 2017లో ఈపీఏ రెండు గ్లైడర్లను పరీక్షకు పెట్టింది. హైవే వేగంలో వాటి నైట్రోజన్ ఆక్సైడ్లు 2014, 2015 నాటి మామూలు ట్రక్కుల కంటే సుమారు 43 రెట్లు, మసి సుమారు 55 రెట్లు ఎక్కువ వచ్చాయి. పాత ఇంజిన్లంటే నాకు ఎంత ఇష్టమైనా ఈ అంకెల్ని కాదనలేను. ఇంజిన్ స్టార్ట్ చేసి షట్టర్ వేసిన షాపులో అరగంట నిలబడినవాడికి ఏ పరీక్షా అక్కర్లేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. గ్లైడర్ విషయంలో నేను నేర్చుకున్నది ఒకటే: విడి ఇంజిన్ కొనకూడదు, మొత్తం బండి కొనాలి. ఇంజిన్, గేర్ బాక్స్, యాక్సిళ్లు, వైరింగ్, ఈసీఎం (ఇంజిన్ కంప్యూటరు), టైటిల్ (యాజమాన్య పత్రం), అన్నీ ఉన్న ఒక డోనర్ బండి, అంటే సామాన్లు తీసుకునే పాత బండి. చట్టం, పన్ను, ఈఎల్‌డీ, రిజిస్ట్రేషన్, చివరికి మీటర్లు పనిచేయడం కూడా దాని మీదే ఆధారపడి ఉంటాయి.

రోడ్డు భద్రత నిబంధనలతో మొదలుపెడదాం. కొత్త క్యాబిన్‌తో కట్టిన ట్రక్కు కొత్త వాహనం కిందే లెక్క. అలా లెక్కపెట్టకూడదంటే ఇంజిన్, గేర్ బాక్స్, డ్రైవ్ యాక్సిల్ మూడూ పాతవై ఉండాలి, వాటిలో కనీసం రెండు ఒకే బండి నుంచి వచ్చి ఉండాలి. ఈ వాక్యం ఫెడరల్ నిబంధనల్లోనే ఉంది. ఇంజిన్ ఒక చోట, గేర్ బాక్స్ ఇంకో చోట, హౌసింగులు కొత్తవి కొన్నారనుకోండి, మీరు కట్టింది కొత్త ట్రక్కు. అప్పుడు ఆ ఏడాది అమల్లో ఉన్న బ్రేకు, స్టెబిలిటీ కంట్రోల్ నిబంధనలన్నిటికీ తయారీదారుగా మీరే సంతకం పెట్టాలి. మీ గరాజులో కూర్చుని ఆ సంతకం పెట్టడం ఎలా ఉంటుందో ఆలోచించండి.

పన్ను సంగతి. భారీ ట్రక్కు మొదటి రిటైల్ అమ్మకం మీద 12 శాతం ఫెడరల్ ఎక్సైజ్ పన్ను ఉంది. లక్షన్నర డాలర్ల బండికి 18,000 డాలర్లు. పాడైన బండిని బాగు చేసుకున్నట్టు లెక్క చూపిస్తే, ఆ ఖర్చు అలాంటి కొత్త బండి ధరలో 75 శాతం దాటకపోతే దాన్ని కొత్తగా తయారుచేసినట్టు చూడరు. బాగుచేశామని చెప్పాలంటే ముందు బాగుచేయడానికి ఒక బండి ఉండాలి కదా. విడి ఇంజిన్‌కి ఆ వాదన పెట్టడం కష్టం. బిల్లులన్నీ దాచండి, ట్రక్కు పన్నులు తెలిసిన సీపీఏకి (అకౌంటెంటుకి) ముందే చూపించండి. మామూలు వ్యాపారాల సీపీఏలకు ఇది తెలియదు. నా మొదటి ఆయనకు తెలియదు.

ఈఎల్‌డీ విషయంలో మీరు విన్నది సగం నిజం. 2000 మోడల్ ఇయర్ కంటే ముందు ఇంజిన్ ఉంటే ఈఎల్‌డీ అక్కర్లేదు, క్యాబిన్ ఏ ఏడాదిదైనా ఇంజిన్ సంవత్సరమే చూస్తారు. కానీ అది నిరూపించే కాగితాలు మీ ఆఫీసులో ఉండాలి. ఇంజిన్ నంబరు, అది ఏ బండిదో తెలిపే ఆధారం. రోడ్డు మీద ఆఫీసరు వీఐఎన్ (బండి గుర్తింపు నంబరు) చూసి 2014 అంటాడు, మీరు 1999 అంటారు, ఇక్కడే డోనర్ బండి టైటిల్ కాపీ పనికొస్తుంది. ఇంకో సంగతి, మినహాయింపు ఉన్నా పని గంటల నియమం పోదు. కాగితం లాగ్ రాయాల్సిందే. గంటలు దొంగిలించడానికి గ్లైడర్ కట్టించుకుంటున్నవాళ్లయితే ఈ సమాధానం చదవడం ఇక్కడితో ఆపేయండి.

కాలిఫోర్నియా వెళ్లే లోడ్లు ఉన్నాయా? ఉంటే మరచిపోండి. 2023 జనవరి 1 నుంచి అక్కడ 14,000 పౌండ్ల పైన బళ్లకు దాదాపు అన్నిటికీ 2010 లేదా తర్వాతి ఇంజిన్ ఉండాలి.

కాగితాల మీద ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, మేం కట్టిన రెండో బండి విషయంలో కాగితాలు లేకే దెబ్బతిన్నాం. క్యాబిన్ కొత్తది, ఇంజిన్ ఒక స్క్రాప్ యార్డు నుంచి తెచ్చిన 12.7, బిల్లు మీద "డీజిల్ ఇంజిన్, ఒకటి" అని మాత్రమే ఉంది. సీరియల్ నంబరు లేదు, ఏ బండి నుంచి తీశారో లేదు. టైటిల్ ఆఫీసులో మొదటి కిటికీ ఆమె కొత్త వాహనం అంది, రెండో కిటికీ ఆయన రీకన్‌స్ట్రక్టెడ్ అన్నాడు, ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినాయన ఇంజిన్ దొంగది కాదని నిరూపించమన్నాడు. బండి బయట పార్కింగ్‌లో నాలుగు నెలలు మంచులో తడిసింది. ఓనరు ఆ నాలుగు నెలలూ కిస్తీలు కట్టాడు. బండి ఎంత బాగా కట్టామో ఎవరికీ గుర్తులేదు, ఆ నాలుగు నెలలే గుర్తున్నాయి.

అందుకే మీ పరిస్థితిలో నేనైతే కొత్త కిట్ ఆలోచన పక్కన పెట్టి రెండిట్లో ఒకటి చేస్తాను. పాత నియమాల కింద అప్పట్లోనే కట్టి, టైటిల్ శుభ్రంగా ఉన్న వాడిన గ్లైడర్ కొనడం ఒకటి. 1990ల చివరి బండినే, దాని ఒంట్లోనే, దాని ఇంజిన్‌తోనే నిలబెట్టుకోవడం రెండోది. రెండింటికీ మెకానిక్ పని ఒకటే కాబట్టి ఇక దాని గురించి చెబుతాను. నాకు ఇష్టమైన భాగం కూడా ఇదే.

ఇంజిన్ల గురించి అందరికీ ఓ మతం ఉంది. క్యాట్ (క్యాటర్‌పిల్లర్) వాళ్లకు 3406ఈ అంటే, సీరియల్‌లో 5ఈకే నంబరు చూస్తే కళ్లు మెరుస్తాయి. తర్వాత వచ్చిన సింగిల్ టర్బో సీ15, అంటే 6ఎన్‌జెడ్, లాగుడులో దానికి తీసిపోదు. కమిన్స్ ఎన్14 మొండిది. నేను డెట్రాయిట్ సిరీస్ 60 మనిషిని. 1987లో వచ్చింది, పూర్తిగా ఎలక్ట్రానిక్ కంట్రోల్‌తో వచ్చిన మొదటి భారీ ట్రక్కు ఇంజిన్. అందులో 12.7 లీటర్లది, ఈజీఆర్ (పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపే ఏర్పాటు) రాకముందుది, డీడెక్ (డెట్రాయిట్ ఇంజిన్ కంప్యూటరు) 3 లేదా 4 ఉన్నది మంచిది. సామాన్లు ప్రతి ఊళ్లో దొరుకుతాయి, క్యాట్ సామాన్ల ధరతో పోలిస్తే జేబుకి హాయి. క్యాట్ 2010లోనే హైవే ట్రక్కు ఇంజిన్ల నుంచి తప్పుకుంది, అయినా ఆ పేరుకి ఉన్న మోజు వల్ల ఒక పాత బ్లాకు కూడా ఇప్పుడు బంగారం ధర పలుకుతోంది. ఆ మోజుకి మీరు డబ్బు కట్టనక్కర్లేదు.

పాత ఇంజిన్లు మైలేజీ ఎలా ఇచ్చేవన్నది ఒక పక్క కథ. 1998లో అమెరికా ప్రభుత్వం ఏడు ఇంజిన్ కంపెనీలతో ఒప్పందం చేసుకుంది. పరీక్షలో ఒక రకంగా, హైవేలో నిలకడగా పోతున్నప్పుడు ఇంకో రకంగా ఇంజిన్ నడిచేలా సాఫ్ట్‌వేర్ రాశారన్నది ఆరోపణ. డీజిల్ ఆదా అయ్యేది, నైట్రోజన్ ఆక్సైడ్లు పెరిగేవి. 8.34 కోట్ల డాలర్ల జరిమానా కట్టారు, ఓవర్‌హాల్‌కి వచ్చిన పాత ఇంజిన్లకు సాఫ్ట్‌వేర్ మార్చాలని ఒప్పుకున్నారు. "ఇది అప్పటి ఇంజిన్, అంత మైలేజీ ఇస్తుంది" అని ఎవరైనా అంటే, అందులో ఏ ప్రోగ్రాం ఉందో ఈసీఎం చదివించి చూడండి.

ఇంజిన్ పనికి వద్దాం. ఇక్కడ ఇన్‌ఫ్రేమ్ అని ఒక పద్ధతి ఉంది. ఇంజిన్ బండిలోనే ఉంచి, హెడ్డు, ఆయిల్ పాన్ దించి, లైనర్లు (పిస్టన్ ఆడే గొట్టాలు), పిస్టన్లు, రింగులు, మెయిన్, బిగ్ ఎండ్ బేరింగులు మార్చేస్తారు. మన దగ్గర బోర్‌కి వచ్చిన ఇంజిన్‌కి చేసే పనిలాంటిదే. గ్లైడర్‌కి ఎలాగూ ఇంజిన్ బయటే ఉంటుంది, కాబట్టి సగం పని చేసి వదిలేయడానికి సాకు లేదు. బ్లాకు పూర్తిగా విప్పి, కడిగించి, క్రాంక్‌ని పగుళ్ల కోసం మాగ్నెట్ పరీక్ష చేయించి, పాలిష్ పట్టించి, మెయిన్ బోర్లు ఒకే లైన్లో ఉన్నాయో కొలిపించాలి. సిరీస్ 60కి ముందువైపు గేర్ల దగ్గర బుల్ గేర్, ఐడ్లర్ బేరింగులు చూడకుండా మూత పెట్టకండి. ఆయిల్ పంపు బోల్టులు వదులైన ఇంజిన్లు నేను స్వయంగా చూశాను. ఆ బోల్టు ఖర్చు కాఫీ కంటే తక్కువ, అది ఊడితే పోయేది మొత్తం ఇంజిన్.

అన్నిటికంటే ముఖ్యం లైనర్ కూర్చునే చోటు. ఒక 3406ఈ విషయంలో మేం దెబ్బతిన్నాం. బ్లాకుని బయట ఒక మెషిన్ షాపుకి పంపాం. వచ్చాక మెరుస్తోంది, మేం సంతోషించి కట్టేశాం. లైనర్ ఎంత పైకి ఉందో కొలిచిన కాగితం అడగలేదు, మేమూ కొలవలేదు. తప్పు వాళ్లది ఎంతో నాదీ అంతే. ఆ ఇంజిన్‌కి లైనర్ అంచు బ్లాకు పైభాగం కంటే 0.025 నుంచి 0.152 మిల్లీమీటర్ల వరకు పైకి ఉండాలి, ఒకే లైనర్ చుట్టూ తేడా 0.051 దాటకూడదు. ఏడో నెలలో కూలెంట్ తగ్గడం మొదలైంది, తర్వాత ట్యాంకులో బుడగలు. విప్పి డయల్ గేజ్ పెడితే ఒక లైనర్ ఒక వైపు దిగిపోయి ఉంది. హెడ్ గాస్కెట్ అక్కడే ఊదేసింది. అప్పటినుంచి ఆరు సిలిండర్లకీ, ఒక్కోదానికి నాలుగు చోట్ల కొలిచి, మొత్తం ఇరవైనాలుగు అంకెలు రాసిన కాగితం లేనిదే హెడ్డు పెట్టను. మీరు కొనే వాడిన గ్లైడర్‌కి కూడా ఆ కాగితం అడగండి. ఉందంటే ఆ ఇంజిన్ కట్టినవాడు పని తెలిసినవాడు. "దానికేముంది సార్, అంతా కొత్తదే" అన్నాడంటే కొలవలేదని అర్థం.

గేర్ బాక్సుకి ఈటన్ ఫుల్లర్ 13 లేదా 18 స్పీడ్. ఆర్‌టీఎల్‌ఓ 16913ఏ అన్న పేరులో 16 అంటే 1650 పౌండ్-ఫీట్ల టార్క్ మోయగలదని, చివరి 13 అంటే ముందుకు 13 గేర్లని. 500 హార్స్‌పవర్, 1650 టార్క్ ప్రోగ్రాం ఉన్న 12.7కి ఇది సరిగ్గా అంచున ఉంటుంది. ఎవరైనా ట్యూనింగ్ చేసి అంతకంటే పెంచి ఉంటే 18918బీ అయినా ఉండాలి.

యాక్సిల్ రేషియో దగ్గర చాలామంది తప్పు చేస్తారు, ఎందుకంటే డోనర్ బండిలో టైర్లు వేరు, కిట్లో టైర్లు వేరు. లెక్క కష్టమేమీ కాదు. మైలుకి టైరు ఎన్నిసార్లు తిరుగుతుందో దాన్ని యాక్సిల్ రేషియోతో, పై గేరు రేషియోతో, మైళ్ల వేగంతో గుణించి 60తో భాగించండి. 295/75 ఆర్ 22.5 టైరు మైలుకి సుమారు 518 సార్లు తిరుగుతుంది. పై గేరు 0.73. గంటకు 65 మైళ్లలో 3.55 రేషియోకి సుమారు 1,455 ఆర్‌పీఎం వస్తుంది. 3.36 అయితే 1,376. 3.90 అయితే దాదాపు 1,600, అంటే మైలేజీ గంగపాలు. 12.7కి 1,300 నుంచి 1,500 మధ్య హాయి. ఫ్లాట్‌బెడ్ (బల్లలాంటి ట్రైలర్)తో కొండల్లో తిరిగేవాడికి 3.55, ఒహాయో, ఇండియానా లాంటి చదును నేల మీద డ్రై వ్యాన్ (మూసిన ట్రైలర్) లాగేవాడికి 3.36 అని నా అభిప్రాయం. ముందూ వెనకా ఉన్న రెండు హౌసింగుల రేషియో ఒకటేనా అని కూడా ప్లేటు చూసి నిర్ధారించుకోండి. నవ్వకండి, తేడాగా ఉన్న బండి మా షాపుకే వచ్చింది.

ఇక వైరింగ్. గ్లైడర్లు చచ్చేది ఇంజిన్ దగ్గర కాదు, ఇక్కడే. 1999 ఇంజిన్ కంప్యూటరు ఎక్కువగా మాట్లాడేది జే1587 అనే పాత భాష. కొత్త క్యాబిన్ డ్యాష్‌బోర్డు వినేది జే1939. మధ్యలో తర్జుమా సరిగ్గా లేకపోతే స్పీడోమీటరు చావదు, కానీ అబద్ధం చెబుతుంది. క్రూజ్ పట్టుకోదు, ఇంజిన్ బ్రేకు ఒక స్విచ్చి స్థానంలో పనిచేసి ఇంకో స్థానంలో చేయదు, ఫ్యాను ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది. కంపెనీ నుంచి కిట్ ఆర్డర్ ఇచ్చేటప్పుడే ఏ ఇంజిన్, ఏ ఈసీఎం అన్నది చెప్పి, దానికి తగ్గ హార్నెస్ (వైర్ల కట్ట), మౌంట్లు, రేడియేటర్, ఎగ్జాస్ట్ తీసుకునేవాళ్లు. ఫ్రైట్‌లైనర్ కొలంబియా గ్లైడర్లు చాలామందికి నచ్చడానికి కారణం అదే, ఆ క్యాబిన్ ఎలక్ట్రికల్స్ సరళం. క్యాస్కేడియా లాంటి బండిలో ప్రతి లైటుకీ ఒక మాడ్యూల్ ఉంటుంది. అందులో పాత ఇంజిన్ పెట్టి అన్నీ పనిచేయించడం చేతకాక వదిలేసినవాళ్లున్నారు. వాడిన గ్లైడర్ చూడ్డానికి వెళ్లినప్పుడు డ్యాష్ కింద కవర్ తీసి చూడండి. ఫ్యాక్టరీ హార్నెస్ ఒకే రంగు ట్యూబులో, టేపు చుట్టి, క్లిప్పులతో బిగించి ఉంటుంది. నీలం రంగు క్రింప్ కనెక్టర్లు, విడిగా వేలాడే ఎర్ర వైరు కనిపించాయా, అక్కణ్ణుంచే వచ్చేయండి.

రేడియేటర్ ముందున్న ఛార్జ్ ఎయిర్ కూలర్‌ని (టర్బో గాలిని చల్లబరిచేది) 30 పీఎస్‌ఐ గాలితో నింపి ఆపితే, 15 సెకన్లలో 5 పీఎస్‌ఐ కంటే ఎక్కువ పడకూడదు. పడితే బూస్ట్ గాలి బయటకి పోతోందని, పొగ, వేడి రెండూ పెరుగుతాయని అర్థం. డ్రైవ్ షాఫ్టు కోణాలు గేర్ బాక్స్ వైపు, హౌసింగ్ వైపు ఒక డిగ్రీ తేడా లోపు ఉండాలి. వేరే ఇంజిన్ మౌంట్లు పెట్టి ఎత్తు మార్చిన బళ్లలో 50 మైళ్ల వేగం దాటాక సీటు కింద ఒక వణుకు వస్తుంది. దాన్ని టైర్ల బ్యాలెన్స్ అని అమ్మేవాడు చెబుతాడు.

కొత్తగా కట్టిన ఇంజిన్‌ని మొదటిసారి స్టార్ట్ చేసే ముందు బయటి నుంచి ఒత్తిడితో ఆయిల్ నింపాలి, డీజిల్ ఆపి సెల్ఫ్ కొట్టి ఆయిల్ ప్రెజర్ లేచాకే ఫ్యూయల్ ఇవ్వాలి. తర్వాత గంటలకొద్దీ ఐడిల్‌లో ఉంచకండి. మన దగ్గర కొత్త బోర్ ఇంజిన్‌ని మెల్లగా తోలమంటారు. ఈ ఇంజిన్లకు అది సరిపడదు. రింగులు కూర్చోవాలంటే లోడు కావాలి. ఐడిల్‌లో లైనర్ అద్దంలా మెరిసిపోతే ఆ ఇంజిన్ జీవితాంతం ఆయిల్ తాగుతూనే ఉంటుంది. డైనో (ఇంజిన్‌కి లోడు పెట్టి పరీక్షించే యంత్రం) దొరికితే మంచిది, లేకపోతే నిండు ట్రైలర్ తగిలించి కొండెక్కించండి.

డబ్బు లెక్క చూడకుండా నిర్ణయం తీసుకోకండి. ఏడాదికి లక్ష మైళ్లు అనుకుందాం. గుండ్రటి ముక్కు కొత్త బండి గాలన్‌కి 7.5 మైళ్లు ఇచ్చి, చతురస్రపు ముక్కు గ్లైడర్ 6 ఇస్తే, ఒకటి 13,333 గాలన్లు, రెండోది 16,667 గాలన్లు తాగుతుంది. గాలన్ 4 డాలర్లు వేసుకుంటే ఏడాదికి 13,000 డాలర్ల పైన తేడా. డీపీఎఫ్ శుభ్రం చేయించడం, డెఫ్, ఒక సెన్సరు, అన్నీ కలిపినా ఈ మొత్తం దాటాలంటే ఆ ఏడాది మీ జాతకం బాగోలేదనే. షాపులో బండి ఆగిపోయిన రోజుల నష్టం వేరు, అది మీరే లెక్కేసుకోవాలి. గ్లైడర్ మీద అప్పు ఇచ్చే బ్యాంకులు తక్కువ. ఇన్సూరెన్స్ వాళ్లు క్యాబిన్ ఏడాది చూస్తారా, ఇంజిన్ ఏడాది చూస్తారా అన్నది పాలసీ రాసే ముందే కాగితం మీద తేల్చుకోండి.

చివరగా, మీ 2017 బండి గురించి మీరు రాసినదాంట్లో నాకు నచ్చని ముక్క ఒకటుంది. డీపీఎఫ్ మూడుసార్లు శుభ్రం చేయించారట, ప్రతిసారీ నెలలో మళ్లీ నిండిందట. డీపీఎఫ్ తనంతట తాను నిండదు. పైనుంచి ఏదో వచ్చి పడుతోంది. ఇంజెక్టర్ కారుతోందా, టర్బో సీల్ నుంచి ఆయిల్ పోతోందా, ఈజీఆర్ కూలర్ పగిలి కూలెంట్ లోపలికి వస్తోందా, రాత్రంతా ఐడిల్‌లో పెట్టి నిద్రపోతున్నారా? కూలెంట్ ట్యాంకు మీద పెన్నుతో గీత గీసి వారం చూడండి. ఆయిల్ శాంపిల్ ఒకటి ల్యాబుకి పంపండి, పెద్ద ఖర్చు కాదు. అందులో డీజిల్ గానీ, కూలెంట్ తాలూకు సోడియం, పొటాషియం గానీ వస్తే మీ రోగం దొరికినట్టే. ఎవరైనా డీపీఎఫ్ పీకేసి ప్రోగ్రాం మార్చేస్తానంటే ఒప్పుకోకండి, అది క్లీన్ ఎయిర్ యాక్ట్ (గాలి కాలుష్య చట్టం) ప్రకారం చట్టవిరుద్ధం, జరిమానా బండి ఓనరుకీ పడుతుంది.

ఆ రిపోర్టు వచ్చాక అంకెలు ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను. అప్పటికీ గ్లైడరే కావాలనిపిస్తే, చూడబోయే బండి ఇంజిన్ సీరియల్ ప్లేటు, యాక్సిల్ ప్లేటు, టైటిల్, మూడింటి ఫొటోలు పంపండి. ఫొటోలు పంపడానికి అమ్మేవాడు ఒప్పుకోకపోతే పెట్రోలు దండగ చేసుకుని అంత దూరం వెళ్లకండి.